పన్నెండో తారీకు లోపు

తను చేయని తప్పుకి రెండు మెమోలు అందుకుని, రెండింటి మీదా సంతకం పెట్టి, సీట్లోకి వెళ్లి కూర్చుంది కౌంటరక్క. కంటి ఆసుపత్రిలో రోగులకు మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ ఇచ్చే పని ఆమెది. తొమ్మిదేళ్లయినా కాంట్రాక్టే. మూడో మెమో వస్తే ఇక ఇంటికే. తేదీలు తప్పు కొడుతోందన్నది నేరం. రోగుల మీద మోపిన నేరం వేరు: చెప్పిన రోజుకి రాలేదని కేసు షీటు మీద ఎర్ర సిరాతో రాసేవారు.

విచిత్రమేమిటంటే ఆమె కూడా నమ్మింది. కూర తరుగుతూ వేళ్ల వంక అనుమానంగా చూసుకునేది.

"నీ వేళ్లు బానే ఉన్నాయిలే. ఉప్పే రెండుసార్లు పడింది" అనేవాడు మొగుడు.

జూలైలో ఒక ఉదయం టైలరు పెద్దాయన వచ్చాడు. మార్చిలో కంటి ఆపరేషనయింది.

"ఏప్రిల్ ఏడున రమ్మంటే ఇప్పుడా రావడం? ఇన్నాళ్లూ ఎక్కడున్నావయ్యా?" అన్నాడు సూపరింటెండెంటు.

"కొట్లోనే ఉన్నాను సార్. వీధి వీధంతా నన్ను చూసింది. నాకే వీధి సరిగ్గా కనపడలేదు. జూలై నాలుగని ఈ అమ్మాయే చెప్పింది."

ఈలోగా కంట్లో ఒత్తిడి పెరిగి ఒక పక్క చూపు పోయింది. సూదిలో దారం ఇప్పుడు కోడలు ఎక్కించి ఇస్తోందట. ఆ మాట ఆయన ఫిర్యాదుగా అనలేదు. అందుకే ఆమెకు మరీ గుచ్చుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నం మానేసి, ఎర్ర సిరా పడ్డ షీట్లన్నీ బల్ల మీద పరిచింది. ముప్పై ఒకటి. డాక్టరు రమ్మన్న తేదీ ఏది చూసినా నెలలో మొదటి పన్నెండు రోజుల్లోనే ఉంది. పన్నెండు దాటినది ఒక్కటీ లేదు. వేళ్లే తప్పు చేస్తే పదమూడో తారీకు నుంచి సెలవు తీసుకుంటాయా?

లేచి డాక్టరు గదికి వెళ్లి, కంప్యూటరులో తేదీ చూసింది. అక్కడ నెల ముందు, రోజు తర్వాత. తన దాంట్లో రోజు ముందు. డాక్టరు గది నుంచి 04/07 అని వచ్చిన ఏప్రిల్ ఏడు, తన దగ్గర జూలై నాలుగయి కూర్చుంది. 04/23 లాంటివి వస్తే ఇరవై మూడో నెల ఉండదు గనుక తికమకే లేదు.

సూపరింటెండెంటుకి చూపించింది. ఆయన షీట్లు ఒక్కొక్కటీ తిరగేసి చూశాడు. "సరే, అన్నింటికీ ఒకటే పెట్టు. ఏది పెడతావు?"

"రోజు, నెల పేరు అక్షరాల్లో, సంవత్సరం నాలుగంకెలు."

"సంవత్సరం ముందుంటే వరసగా పేర్చడం తేలికంటారు కదమ్మా."

"పేర్చుకునేది మనం సార్. చదువుకునేది వాళ్లు."

ఆరు కంప్యూటర్లలో తేదీ సెట్టింగు తెరిచి తనే మార్చింది. గంట కూడా పట్టలేదు. చిక్కు ఆ తర్వాతే వచ్చింది.

"ఆ ఎర్ర రాతలు కొట్టేయండి సార్. నా మెమోలు కూడా."

"సరిచేశాం కదా, పాతవి తవ్వడమెందుకు?"

"రేపు ఇంకో డాక్టరు ఆ షీటు చూస్తే ఈ రోగి చెప్పిన మాట వినని మనిషి అనుకుంటారు. నన్ను కూడా అలాగే అనుకుంటారు."

ఇప్పటికి కొట్టేసిన షీట్లు నాలుగు. మెమోలు పరిశీలనలో ఉన్నాయి. ఆమె వారం వారం వెళ్లి అడుగుతూనే ఉంది.

ఆమె ఒక్కతే ఎన్ని చోట్ల అడగగలదు? మీ చీటీ మీద తేదీ అంకెల్లోనే ఉంటే, నెల అక్షరాల్లో రాయించుకోండి. మీ ఆఫీసులో ఒక్కో కంప్యూటరు ఒక్కోలా తేదీ చూపిస్తుంటే, ఈ వారమే కూర్చుని అన్నింటికీ ఒకే పద్ధతి పెట్టండి. అక్కడితో ఆగకండి. పాత కాగితాలు తీయండి. యంత్రాల తికమకకి ఏ మనిషి మీద తప్పు రాశారో వెతికి, ఆ రాత కొట్టేయించి, ఆ మనిషికి కబురు చేయండి.