అన్నయ్య పటకారుకు దసరా పూజ

రజాకార్ల గోల సద్దుమణిగిన ఏడాది. మా సూర్యాపేటకు అన్నయ్య దసరా సెలవులకొచ్చాడు. మనుషుల శరీరాల తీరుతెన్నుల మీద, పూర్తిగా సర్కారు ఖర్చుతో డాక్టరేటు చేస్తున్నాడు. సెలవుల్లోగా యాభై మంది ఆడవాళ్ల తలలు కొలవకపోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. తల చుట్టూ పెట్టి కొలిచే అతని ఇనుప పటకారు చూస్తే అందరూ పరుగే.

"పాడెకు కొలిసినట్టు బతికున్నోళ్లను కొలుస్తవారా?" అని నాయనమ్మ తిట్టింది.

బడి ముఖం చూడని నాకు ఒకటి తోచింది. ఆయుధపూజలో కొడవలి పక్కన పటకారును పెట్టి కుంకుమ అద్దాను. మర్నాడు వాకిట్లో బారులు! గుళ్లో శఠగోపానికి వంచినట్టే తలలు వంచారు.

నలభై ఎనిమిది తలలతో వీధి అయిపోయింది. నాయనమ్మ మూడోసారి వచ్చి కూర్చుంది.

"నీది అయిపోయిందే!" అన్నాడు అన్నయ్య.

"జర పెట్టురా. పుణ్యానికి గూడ లెక్కనా?"

అన్నయ్య డాక్టరయ్యాడు. అమ్మవారికి రోజూ దండం పెట్టుకుంటాను. ఆ గ్రంథంలో మా నాయనమ్మ ఎంతమంది ఆడవాళ్లుగా ఉందో మాత్రం ఇప్పటికీ అడగలేదు.