ఏమీ లేని బొమ్మలు

బళ్ళో పిల్లలకు బొమ్మలు నేర్పే టీచరమ్మకు ఊరవతలి గడ్డి బయలంటే ప్రాణం. పెళ్ళయిన కొత్తలో అక్కడికి వెళ్ళి బొమ్మలు వేయడం మొదలుపెట్టింది, జుట్టు నెరిసినా మానలేదు. బస్సు డ్రైవరైన భర్త సెలవు దొరికినప్పుడల్లా స్కూటరు మీద ఆవిణ్ణి అక్కడికి తీసుకెళ్ళి, పక్కనే పేపరు పరుచుకుని నడుం వాల్చేవాడు. ఆవిడ బొమ్మల్లో కొండ ఉండదు, చెట్టుండదు, మనిషుండడు. కింద గడ్డి, పైన ఆకాశం, అంతే.

"ఇందులో ఏముందే అంతసేపు చూడ్డానికి?" అని ఆయన మొదట్లో ఆటపట్టించేవాడు. పోనుపోను ఆయనే "ఇవాళ గడ్డి కాస్త ఎర్రబడింది కదూ" అనేదాకా వచ్చాడు.

ఆ బయల్లో గాలిమరలు పెడతారన్న కబురు విన్నాక ఆవిడకు అన్నం సయించలేదు. గడప గడపా ఎక్కి దిగి, వద్దని సంతకాలు పెట్టమని అడిగింది. పెట్టినవాళ్ళు పెట్టారు. "కరెంటొస్తుంది కదా టీచరమ్మా, మీకొచ్చిన కష్టమేంటి?" అన్నవాళ్ళూ ఉన్నారు. చీటికీ మాటికీ కరెంటు పోయే ఇళ్ళు వాళ్ళవి. కాళ్ళు పీకుతుంటే మెట్లు దిగి వచ్చేసేది.

గాలిమరల మీద ఊరివాళ్ళ అభ్యంతరాలు వినే విచారణ రోజున, కలెక్టరాఫీసు హాల్లో గోడవారగా బొమ్మలన్నీ నిలబెట్టింది. ఆఫీసరు మర్యాదస్తుడే. ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి వంగి చూశాడు.

"చాలా బావున్నాయమ్మా. కానీ వీటిల్లో ఎక్కడా ఏమీ లేదు కదా?"

"అదేనండీ, అదే నేను..."

"మేమూ అదే అంటున్నాం. అక్కడేమీ లేదు, ఖాళీ జాగా. మీ బొమ్మలే చెబుతున్నాయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ ఏమీ లేకపోవడం కోసమే తను ఇన్నేళ్ళూ తిరిగానని చెప్పాలనుకుంది. ఈలోగా ఆఫీసరు తర్వాతివాళ్ళ పేరు పిలిచేశాడు.

ఇంటికొచ్చి బొమ్మలన్నీ బీరువా వెనక్కి తోసేసింది. "ఇంక నా వల్ల కాదండీ" అంది. భర్త గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

గాలిమరలు లేచాయి. సెలవు రోజుల్లో ఆవిడ దుప్పట్లు ఉతికింది, ఉతికినవే మళ్ళీ ఉతికింది. ఆయన కొన్నాళ్ళు చూసి, ఓ ఆదివారం రంగుల సంచీ తనే భుజాన వేసుకున్నాడు.

"స్కూటరు మూలపడి పాడైపోతోంది. అలా తిప్పుకొద్దాం పద."

"మీరు రోజూ బజారుకు వెళ్ళేది దాని మీదేగా! అబద్ధమైనా అతికేలా చెప్పరు."

"అతక్కపోతే పోయింది. పద."

బయల్లో గాలిమరల హోరు మాట వినపడనివ్వలేదు. రెక్కల నీడలు గడ్డి మీద నుంచి ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. వాటిని వదిలేసి గీస్తే అబద్ధమవుతుంది, గీయడానికి మనసొప్పదు. చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చివరికి కుంచె తడిపింది.

ఆయన వెనక నుంచి తొంగిచూశాడు. "స్తంభాలు వంకరగా వచ్చాయే."

"రానివ్వండి. నాకు అలవాటు లేనివి కదా."

బొమ్మ బాగా రాలేదని ఆవిడకూ తెలుసు. చింపలేదు. ఆరేదాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని లేచింది.

"ఈసారి కాస్త పెందలాడే బయల్దేరదామండీ. ఎండకు ఆగలేకపోతున్నాను."