కాలు తగిలిన పాస్‌పోర్టు

గల్ఫ్‌లో మేముండే అల్ నహ్దాలో వీసా దరఖాస్తులు నింపిపెట్టే టైపింగ్ సెంటర్‌లో గోదావరి జిల్లాకు చెందిన ఒకాయన ఉండేవాడు. ఎత్తైన కౌంటర్ వెనక తల ఒక్కటే కనిపించేది. ఎవరు కాగితం అందించబోయినా చెయ్యి చాచేవాడు కాదు. కౌంటర్ కింది అరవైపు తల ఊపి ఒకటే మాట: "అక్కడ పెట్టండి బాబూ."

నేను వెళ్ళిన రోజుతోనే నా భార్య వీసా గడువు ముగుస్తోంది. "ఇవాళే లాస్ట్ డే అండీ, కాస్త తీసుకోండి" అంటూ ఆమె పాస్‌పోర్టు చాచాను.

"అక్కడ పెట్టండి బాబూ."

ఒళ్ళు మండి విసిరేశాను. అది కౌంటర్ దాటి అవతల పడింది.

తొంగి చూసి కొయ్యబారిపోయాను. ఆయనకు రెండు చేతులూ లేవు. కాళ్ళ దగ్గర ఏటవాలుగా బిగించిన టచ్ స్క్రీన్ మీద అరచేతి వెడల్పు మీటలు. వాటి మీద కాలి బొటనవేలు చకచకా తిరుగుతోంది. అదే కాలితో నా భార్య పాస్‌పోర్టు పైకి తీశాడు.

"అయ్యో, కాలితోనా?" అనేశాను.

ఆయన దాన్ని ముందున్న పొట్టి బల్ల మీద పెట్టి, తల వంచి కళ్ళకద్దుకున్నాడు.

"ఆయ్, ఈ స్క్రీను మా ముదీర్, అదే మేనేజర్ గారు, నాకోసమే పెట్టించారండి. పనంతా కాలితోనే కదండీ, అందుకే ప్రతి కాగితానికీ దణ్ణం పెట్టుకుంటాను. మీరు కంగారుపడకండి, పావుగంటలో ఖలాస్."

అన్నట్టే పావుగంటలో దరఖాస్తు వెళ్ళిపోయింది. పాస్‌పోర్టు పట్టుకుని బయట ఎండలోకి వచ్చాను. కాలు తగిలినందుకు ఆయన దణ్ణం పెట్టుకున్నాడు.

చేతులారా విసిరింది నేను.