తంతిలో వచ్చిన ఆట

మా అత్తగారింట్లో ఐస్ అంటే చేపల పెట్టెల్లో వేసేది. దాని మీద మనుషులు ఇనప అంచుల బూట్లు వేసుకుని హాకీ ఆడతారనీ, అందుకు జీతాలిస్తారనీ మా ఆయన ఉత్తరంలో రాస్తే అత్త నమ్మలేదు. "బరఫ్ మీద నిలబడితే కాళ్ళు ఒంకర్లు పోతాయి గదే," అంది.

ఆయన ఓడ మీద పనిచేసేవారు. ఆ ఏడాది ఒక చలిదేశపు రేవులో ఓడ ఒప్పందం ముగిసింది. మరో ఓడ దొరికేలోగా అక్కడి ఐస్ హాకీ జట్టు దగ్గర పనికి కుదిరారు. ఆటగాళ్ళ బూట్ల అంచులు సాన పెట్టడం, తడి బట్టలు ఆరేయడం ఆయన పని. సీజన్ ముగిసిన రోజే తంతి కొడతాననీ, ఆ వెంటనే ఇంటికి బయల్దేరతాననీ రాశారు. పాప పుట్టి అప్పటికి నాలుగు నెలలు. ఆయన ఇంకా చూడలేదు.

సముద్రం మధ్య మా దీవిలోని ప్రోతరాపూర్‌లో మా ఇంటికి ఆ తంతి పొద్దున పదింటికి వచ్చింది. "దీదీ, తార్ వచ్చింది, సైన్ కర్ దో," అన్నాడు తపాలా అతను. పాప గుడ్డలు పిండుతున్న చేతుల్ని చీరకు తుడుచుకుని సంతకం పెట్టాను.

"ఏటి రాసినాడే? గట్టిగా సదువు," అంది అత్త.

చదివాను. లాస్ట్. సడన్ డెత్. సీజన్ ఓవర్. లెటర్ ఫాలోస్. అంతే. కింద ఎవరి పేరూ లేదు.

తెలుగులో చెప్పడానికి నేనింకా నోరు తెరవలేదు. అత్త గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "లాస్ట్ అంటే నాకు తెలుసే. మా అన్న పడవ రాకపోతే ఆఫీసోళ్ళు కాగితం మీద అదే రాసిచ్చినారు," అంది.

దాని తర్వాతి రెండు మాటలకీ అర్థం నేనే చెప్పాను. ఉన్నట్టుండి చావు, అన్నాను. ఆ ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. నా మాటను ఎవరు కాదంటారు?

ఏడుపు రాలేదు. పాప పాలకి ఏడిస్తే ఎత్తుకున్నాను. "ఇప్పుడు ఏడవకే పిల్లా, పాలు ఇరిగిపోతాయి," అంటూ అత్త తన ఏడుపును కొంగుతో నొక్కిపెట్టుకుంది. ఆ కాసేపట్లోనే నేను స్కూల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలనీ, పాపని పగలు మా అమ్మ దగ్గర ఉంచాలనీ లెక్కలు వేసుకున్నాను. మనిషి పోయాడని తెలిసి గంట కూడా కాలేదు. ఆ లెక్కలు గుర్తొస్తే ఇప్పటికీ, పాప పక్కన పడుకుని ఉండగా, నాకు ఒళ్ళు చల్లబడుతుంది.

శవాన్ని పంపుతారా, అక్కడే దహనం చేసేస్తారా? అది అడగాలంటే ఫోన్ నంబరు కావాలి. నంబరు కోసం ఉత్తరాలన్నీ మంచం మీద కుమ్మరించాను. ఆయన ఉంటున్న ఇంటి నంబరు చివరి ఉత్తరంలో దొరికింది. ఆ నంబరు కింద రాసింది అంతకు ముందు సరిగా చదవలేదు. ఆటల సంగతి కదా అని వదిలేశాను.

"రెండు జట్లూ సమానంగా మిగిలితే ఆట ఆపరు. మొదటి గోల్ పడేదాకా ఆడతారు. పడిందంటే రెండో జట్టు పని అయిపోయినట్టే. దానికి ఇక్కడ చావుతో కలిపి ఒక పేరు పెట్టారు. రాయనులే, నువ్వు నిద్రపోవు."

మూడుసార్లు చదివి, అత్తకి వినిపించాను.

"ఆటకి చావని పేరెవడు పెడతాడే? నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తన్నావు. ఆడి గొంతు ఇనిపించు, అప్పుడు నమ్ముతాను."

నాకూ నమ్మకం లేదు. పాపని ఎత్తుకుని ఇద్దరం బస్సెక్కి మా దీవి టౌనులోని అబర్డీన్ బజార్ వెళ్ళాం. ఫోన్ బూత్ భయ్యా నంబరు చూసి, అక్కడ ఇంకా తెల్లారలేదన్నాడు. "లేపండి," అన్నాను. లైను కలవడానికి చాలాసేపు పట్టింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది. ఆయన పేరు చెప్పాను. "వన్ మినిట్," అంది. చచ్చినవాడి కోసం అలా అనదని నాకు తెలుసు.

"తార్ అందిందా?" ఆయన గొంతే. బొంగురు పోయి ఉంది. "ఓడిపోయామే. ఒక్క గోల్. అందరం ఏడ్చాం."

అత్త రిసీవరు లాక్కుంది.

"ఒరే, నువ్వేనా? నువ్వేనా? తార్‌లో పేరెందుకు పెట్టలేదురా? ... ఒక మాట డబ్బులు మిగిలినాయా? నీ మాట తగలెయ్య. ఇంకోసారి తెలుగులో కొట్టు. ... తెలుగులో తార్ పోదా? పోకపోతే అసలు కొట్టకు."

రిసీవరు మళ్ళీ నా చేతిలో పెట్టి, బూత్ మెట్టు మీద కూర్చుని అప్పుడు బిగ్గరగా ఏడ్చింది. ఆ ఏడుపు ఆయనకి వినిపించినట్టుంది.

"ఏమైంది? అమ్మ ఎందుకేడుస్తోంది? పాపకేమైనా అయిందా?" ఆయన గొంతు మారిపోయింది. "చెప్పవే, ఎవరికేమైంది?"

"మీకే," అన్నాను.