కళ్లు తెరవని గుండయ్య మామ

మా మామ గుండయ్య ఎవరి మాటా వినే మనిషి కాదు. మా కొత్తవాడలో గుంట మగ్గం మీద జంపఖానాలు నేసే ముసలాళ్లు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. వాళ్లందరిలోకీ మొండివాడు ఈయనే. నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. నేను ఓంకార్‌ను చేసుకుని ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నా చాయ్‌ని ఒక్కసారైనా మెచ్చుకున్న పాపాన పోలేదు. "గిది చాయా, కుడితా?" అంటాడు. గ్లాసు మాత్రం ఖాళీ చేసి ఇస్తాడు.

ఎండాకాలంలో నూలు పొడిబారి పటుక్కున తెగుతుంది. అందుకని గుంట అడుగున గోనెసంచి తడిపి పరుస్తాం. దారం తెగదు, కాళ్లకూ హాయిగా ఉంటుంది. ఆ చల్లదనం పురుగూ పుట్రకు కూడా హాయేనని మాలో ఒక్కరికీ తట్టలేదు. తాతల నాటి నుంచి తడుపుతున్నాం, ఎవరికేమైంది అన్న ధీమా.

మొన్న వైశాఖంలో ఒకరోజు తెల్లవారగానే మామ మగ్గంలోకి దిగాడు. కాసేపటికి మడమ దగ్గర ఏదో చురుక్కుమన్నదట. చెక్క పేడు గుచ్చుకుందనుకుని కాలు విదిలించి నేసుకుంటూ పోయాడు. తర్వాత కడుపునొప్పి అన్నాడు. మా అత్త లచ్చవ్వ వాము నీళ్లిచ్చింది. మింగబోతే ముక్కులోంచి బయటికి వచ్చాయి. కనురెప్పలు వాలిపోతున్నాయి.

"కండ్లు నిలుస్తలేవు బిడ్డా" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

మా ఇళ్లలో కళ్లకు ఏమైనా తప్పు నూలుదే. పోగులు చూసి చూసి అలిసిపోయాయంటారు. ఓంకార్ మందుల షాపుకు ఉరికి చుక్కల మందు తెచ్చాడు. వాలిన రెప్పలను వేళ్లతో ఎత్తి చుక్కలు వేసి పడుకోబెట్టాం. విషం లోపల తన పని తాను చేసుకుపోతుంటే మేం కళ్లకు మందు వేస్తూ కూర్చున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

ఊపిరి ఎగపోయడం మొదలయ్యాక ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకు పోయాం. అక్కడి డాక్టరు వాసంతి రెప్పలు ఎత్తి చూసి, ఏం పని చేస్తాడని అడిగింది. గుంట మగ్గం అని చెప్పగానే వంగి కాళ్లు వెతికింది.

"పాము కరిసినట్టుంది" అంది.

"పాము కరిస్తే తెల్వదా మేడం? వాపు లేదు, నెత్తురు లేదు" అన్నాడు ఓంకార్.

"కట్లపాము కరిస్తే వాపు రాదు, నొప్పి కూడా పెద్దగా ఉండదు. చీమ కుట్టినట్టు ఉంటది. ముందు ఇంటికి ఫోన్ చెయ్యండి. ఆ గుంట దగ్గరికి ఎవ్వరినీ పోనియ్యకండి."

ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. గోనె తడిపేది రోజూ ఆమే. ఫోన్ మోగుతోంది, ఎత్తదు. మళ్లీ చేశాను. ఎత్తింది.

"ఏందే? బకెట్ నింపుతాన. గుంట ఎండిపోయింది."

"అత్తా, దిగకు! గుంటల పామున్నది!" అని అరిచిన అరుపుకు దవాఖానంతా నా వైపు తిరిగింది. తర్వాత పక్కింటివాళ్లు కర్రతో గోనె ఎత్తి చూశారు. నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లు. చుట్ట చుట్టుకుని నిమ్మళంగా పడుకుని ఉందట.

విరుగుడు ఇంజక్షన్లు ఎక్కించారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. మామ ఊపిరి ఆగిపోతే గొంతులోకి పైపు వేసి మిషన్ పెట్టారు. ఆ తర్వాత ఆయన కట్టెలా పడి ఉన్నాడు. గిల్లినా ఉలకడు. రెప్ప ఎత్తి లైటు వేసినా కనుపాప కదలదు. బతికున్న మనిషి అలా ఉంటాడని నేనెన్నడూ చూడలేదు. నాకు చచ్చేంత భయం వేసింది.

మావాళ్లకు ఒక పట్టింపు ఉంది. ప్రాణం ఇంట్లోనే పోవాలి. బయట పోతే శవాన్ని గడప దాటనివ్వరు, వాకిట్లోనే పడుకోబెడతారు. "ఊపిరి ఉండంగనే తీస్కపోదాం" అని చుట్టాలు ఓంకార్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. చివరికి అతను మంచం పక్కన నిలబడి, మామ కాలు పట్టుకుని ఏడుస్తూ అన్నాడు.

"మా బాపు పోయిండు మేడం, నాకు సమజైంది. ఆ పైపులు తీసేయుండ్రి. ఇంటికి తీస్కపోతం."

"మీ నాన్న పోలేదు" అంది డాక్టరు. "కండరాలు పడిపోయినయి, అంతే. విషం దిగేదాకా మిషన్ ఊపిరి పోస్తది. ఇప్పుడు తీస్తే మీ వాకిలి కూడా చేరడు. మన మాటలు ఆయనకు వినపడుతుండొచ్చు, జర మెల్లగ మాట్లాడండి."

ఓంకార్ నమ్మలేదు. చుట్టాలు బండి మాట్లాడి వచ్చారు. నేను మంచానికి అడ్డం నిలబడ్డాను.

"పైపు మీద చెయ్యేస్తే నేను మా అమ్మగారింటికి పోత. మళ్ల రాను. నీ ఇష్టం."

ఓంకార్ నా మొహం చూసి బయటికి వెళ్లి బండిని పంపించేశాడు. గెలిచాను గానీ, ఆ తర్వాతే నాకు అసలు భయం పట్టుకుంది. ఆయన ఇక్కడే పోతే? నా మొండితనం వల్ల వాకిట్లో పడి ఉంటే? ఆ మిషన్ చప్పుడు వింటూ కూర్చుంటే అన్నం సయించేది కాదు. ఏం మాట్లాడాలో తెలియక ఆయన చెవి దగ్గర నోటికొచ్చినట్టు తిడుతూ ఉండేదాన్ని.

రోజులు గడిచాక కాలి బొటనవేలు కదిలింది. తర్వాత ఎడమ రెప్ప సన్నగా లేచింది. పైపు తీసి ఇంటికి పంపారు. ఓంకార్ తండ్రిని మంచం దిగనివ్వలేదు. తనే స్నానం చేయించాడు, తనే తినిపించాడు.

ఒక మధ్యాహ్నం ఓంకార్ వంటింట్లో ఉన్నప్పుడు మామ నన్ను దగ్గరికి రమ్మన్నాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"పైపులు తీయమన్నది విన్న బిడ్డా. వద్దురా అని అరుద్దామని ఎంత గుంజుకున్ననో. చిటికెన వేలు గూడ లేవలే. బండి వచ్చిందన్నది గూడ విన్న."

నేను వంటింటి వైపు చూశాను.

"వాడు భయపడ్డడు, అంతే. వాని మీద నాకు కోపం లేదు. నేను విన్ననని వానికి ఎన్నడు చెప్పకు. తెలిస్తే వాడు బతుకడు."

సరేనని తల ఊపాను. అంతలో ఓంకార్ జావ గ్లాసుతో వచ్చి, "తాగు బాపూ" అంటూ మెడ కింద చెయ్యి పెట్టి లేపాడు. మామ ఒళ్లు ఒక్కసారిగా బిగుసుకుపోయింది. రెండు చేతులూ, లేని పైపును కాచుకుంటున్నట్టు, గొంతు దగ్గరికి పోయాయి. ఓంకార్ చూపు గ్లాసు మీదే ఉంది, అతను చూడలేదు.