మూత తీస్తే కదిలే రెక్క

క్లారా బల్ల మీద మోటారు పొద్దున్నుంచి ఒక్కసారి కూడా తనంతట తాను కదల్లేదు. కదిలితే బాగుండేది. కదలకపోవడమే ఆమెను కలవరపెట్టింది.

పటాన్‌చెరులో మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీ ఉంది. దాని వెనక సందులో మూడు బల్లలున్న షెడ్డు క్లారాది. ఫ్యాక్టరీలో ఆరు రియాక్టర్లు, అంటే మనిషి లోపలికి దిగి నిలబడగలిగేంత ఉక్కు పాత్రలు. ఒక్కోదానిలో సరుకును కలిపే పెద్ద రెక్క. ఆ రెక్కను తిప్పే, ఆపే కంట్రోల్ పెట్టెలు క్లారా చేసినవే. అలాంటిదే ఒకటి ఇప్పుడు బల్ల మీది మోటారుకు తగిలించి చూస్తోంది.

మొన్న మంగళవారం సంగప్ప నాలుగో రియాక్టర్‌లోకి కడగడానికి దిగాడు. స్టాపు బటన్‌కు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునే దిగాడు. లోపల వంగి గోడ తోముతుంటే వెనక నుంచి మెడ మీద చల్లగా గాలి తగిలింది. తిరిగి చూస్తే, ఇందాక ఎడమ పక్కనున్న రెక్క కుడి పక్కన ఉంది. చప్పుడు లేదు.

పైకొచ్చి చెబితే షిఫ్టు ఇంచార్జి రాజారావు నవ్వాడు. పెట్టెలో తప్పు లేదని క్లారా సంతకం చేసిన కాగితం తెస్తే సంగప్ప తాగి దిగాడని రాసుకుంటారు. ఈ రోజు నాలుగు గంటలకు మళ్ళీ కడగాలి. దిగితే సంగప్పే దిగాలి. దిగనంటే రేపటి నుంచి రావద్దన్నారు.

ఆ కాగితం ఇప్పుడు సంతకం లేకుండా క్లారా బల్ల మీదే ఉంది. పక్కన స్టూలు మీద సంగప్ప కూర్చున్నాడు.

"నేను తాగలే మేడం. మా పిల్లల మీద ఒట్టు."

"నిన్ను ఎవడన్నడు తాగినవని? ఎంత జరిగింది చెప్పు, జానెడా, మూరెడా?"

"సగం సుట్టు. నిద్రల మనిషి పక్కకు ఒత్తిగిల్లినట్టు."

యంత్రం గురించి అలా ఎవరైనా చెబితే క్లారా నవ్వదు, రాసుకుంటుంది.

ఆమె ఊరు జోగిపేట. ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చేసి, మొదట రేడియోలు, తర్వాత ఇన్వర్టర్లు బాగుచేసింది. కంప్యూటర్ లోపలి సంగతులు నేర్పింది చలపతిరావు గారు. కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికొచ్చి, రిటైరయ్యాక ఈ షెడ్డు పెట్టిన మనిషి. కాలేజీ మొహం చూడని క్లారాకు ఆయన కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపే కెర్నెల్ ప్రోగ్రాం అచ్చు తీయించి ఇచ్చి, "రోజుకు రెండు పేజీలు చదువమ్మా, అర్థంకానిది నన్నడుగు" అన్నారు. ఆమె ఏడేళ్ళు చదివింది. కరోనా రెండో ఏడు ఆయన పోయారు. షెడ్డూ, ఆయన నోటు పుస్తకాలూ ఆమెకు మిగిలాయి.

పెట్టెలోని ప్రాసెసర్‌కు రెండు గదులుంటాయని ఆయన చెప్పేవారు. మామూలు పని బయటి గదిలో. స్విచ్చు నొక్కినా, మోటారును ముట్టుకోవాల్సి వచ్చినా లోపలి గదిలోకి, అంటే కెర్నెల్‌లోకి, వెళ్ళాలి. అక్కడ దానికి అడ్డులేదు, ఏదైనా చేయగలదు. అందుకే వెళ్ళిన ప్రతిసారీ, బయటికొచ్చిన ప్రతిసారీ గుర్తు పెట్టాలి. కెర్నెల్ పాత కాగితాలు, అంటే వాడేసిన సమాచారం, పారేసేముందు ఆ గుర్తు చూసుకుంటుంది. లోపల ఎవరూ లేరని ఉంటేనే పారేస్తుంది. గుర్తు తప్పితే, చదువుతున్న మనిషి చేతిలోంచే కాగితం పోయి, అదే చోట ఇంకేదో కాగితం వస్తుంది. దాని మీద ఏది రాసి ఉంటే ప్రాసెసర్ అది చేస్తుంది. తిరగమని ఉంటే తిప్పుతుంది.

నాలుగో రియాక్టర్ పెట్టెలోంచి నకలు తీసుకొచ్చిన గుర్తులను క్లారా తెర మీదికి తెచ్చింది. చలపతిరావు గారు పెట్టిన రెండే మాటలు, ఇంగ్లిషు అక్షరాల్లో. వచ్చా. వస్తా. వచ్చా. వస్తా. ఆయన పోయిన ఇన్నేళ్ళకూ ఆ మాటలు ఆయన గొంతుతోనే వినిపిస్తాయి ఆమెకు. సంగప్ప లోపలున్న సమయం దగ్గర మాత్రం ఇలా ఉంది: వస్తా. వస్తా.

మధ్యలో ఒక వరస పడిపోయి ఉంటుందనుకుంది. అలా అప్పుడప్పుడూ జరుగుతుంది. కిందికి జరిపింది. పోయిన నెల కడిగిన రోజు: వస్తా. వస్తా. అంతకు ముందు కడిగిన రోజూ అంతే. మనిషి లోపల లేని రోజుల్లో ఒక్కసారి కూడా లేదు.

ఆమె తెర మీద వేలు పెట్టి ఆ మూడు తేదీలనూ మళ్ళీ చూసుకుంది.

"ఏమైంది మేడం?"

"ఏం లేదన్నా. చూస్తున్న."

మూడున్నరకు సంగప్ప లేచి తలకు తువ్వాల చుట్టుకున్నాడు. "కాగితం మీ ఇష్టం. మీ రొట్టె గూడ మీరు సూసుకోవాలె గద. నేనైతే దిగుత. వస్త మేడం."

అని గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

క్లారా ఆ గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయింది. వస్త అని వెళ్ళిపోయాడు. పోతా అని ఎవరంటారు? ఎవరూ అనరు. చలపతిరావు గారు టీకి వెళ్ళినా "వస్తానమ్మా" అనే వెళ్ళేవారు. ఆయన పెట్టెలోనూ అదే రాశారు. లోపలికి రాగానే వచ్చా, బయటికి పోతూ వస్తా.

ఆయన పోయిన మరుసటి ఏడు ఫ్యాక్టరీవాళ్ళు రియాక్టర్ మూతకు స్విచ్చు కావాలన్నారు. మూత తీస్తే పెట్టెకు తెలియాలి. ఆ స్విచ్చు నుంచి కెర్నెల్‌లోకి వెళ్ళే కొత్త దారి క్లారాయే రాసింది. నోటు పుస్తకంలో ఆయన రాసుకున్న ఆ రెండు మాటలను మాత్రం చూసి, వస్తా అంటే లోపలికి వస్తున్నా అనుకుని మొదట్లో పెట్టింది. వచ్చా అంటే తిరిగి వచ్చేశా అనుకుని చివర పెట్టింది. కాగితం మీద చదివింది గానీ నోటితో అనుకుని చూడలేదు.

మూత తీసినప్పుడల్లా ప్రాసెసర్ లోపలికి వెళ్తోంది. లోపల ఎవరూ లేరన్న గుర్తు పెడుతోంది. మూత తీసేది మనిషి దిగడానికే.

బల్ల మీది పెట్టెకు రియాక్టర్ లేదు, మూతా లేదు. స్విచ్చు చోట చిన్న తీగ ముక్క కలిపి ఉంచింది. ఆ తీగ పీకి, డ్రాయరులోంచి స్విచ్చు తీసి తగిలించింది. మోటారు స్టాపులోనే ఉంది. వేలితో స్విచ్చు నొక్కి వదిలింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. పదిసార్లు ఏమీ కాలేదు. పదకొండోసారి మోటారు మెల్లగా సగం చుట్టు తిరిగి, ఏమీ ఎరగనట్టు ఆగింది.

ఫ్యాక్టరీలో ఆ వైపు ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. చేసినా ఎత్తేవాళ్ళుండరు. కాగితం చేతబట్టుకుని, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా క్లారా సందులో పరుగెత్తింది.

అప్పటికే సంగప్ప నడుము దాకా రియాక్టర్‌లో ఉన్నాడు.

"సంగప్పన్నా! బయటికి రా, జల్దీ!"

అతను ఎందుకని అడగలేదు. చేతుల మీద లేచి బయటపడ్డాడు.

రాజారావు విసుక్కున్నాడు. "ఏంటమ్మా ఇది? వాడికి దయ్యం పట్టిందనుకుంటే నీకూ అంటించాడా?"

"రెక్క జరిగింది సార్. తప్పు నాది. నేనే రాసిన, నేనే తప్పు పెట్టిన."

"సరే, రేపు సరిచేద్దువు గాని. స్టాపుకు తాళం ఉందిగా, వాణ్ణి దిగనీ."

"ఆ తాళం నా పెట్టెకు మనవి చేసుకుంటది సార్, అంతే. వినాల్నా వద్దా అన్నది పెట్టె ఇష్టం."

ఆమె గోడ దగ్గరి ప్యానెల్ తెరిచి నాలుగో రియాక్టర్ మెయిన్ స్విచ్చు దించింది. నాలుగుకూ ఐదుకూ మెయిన్ ఒకటే. పక్కన ఐదో రియాక్టర్ రొద తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. రాజారావు ముఖం ఎర్రబడింది.

"ఐదులో సరుకు గడ్డకడితే ఎవరు జవాబు చెప్తారు?"

"నా పేరు రాసుకోండి."

మూడు ఫ్యూజులూ పీకి కొంగులో వేసుకుంది. తెచ్చిన కాగితం గోడకు ఆనించి, తప్పు లేదు అన్నచోట కొట్టేసి, మూత తీసినప్పుడు రెక్క కదులుతుంది, నేను చూశాను అని రాసి సంతకం పెట్టింది. రాజారావు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని ఐదో రియాక్టర్ వైపు వెళ్ళిపోయాడు.

సంగప్ప ఆమెను చూశాడు. "ఇప్పుడు దిగాల్నా?"

"దిగు. నేనీడనే కూసుంట."

అతను తాడు కట్టుకుని దిగాడు. క్లారా మూత పక్కన ఇనప మెట్టు మీద కూర్చుంది. లోపల బ్రష్షు రాపిడి మొదలైంది. కాసేపటికి ఆగింది.

"అక్కా, ఉన్నవా?"

మేడం కాస్తా అక్క అయింది.

"ఉన్న."

మళ్ళీ రాపిడి. మళ్ళీ ఆగింది. "ఉన్నవా?"

"ఉన్నన్నా."

మూడోసారి ఆ ప్రశ్న ఉక్కు గోడలకు తగిలి, ఒకరి వెనక ఒకరు ఇద్దరడిగినట్టు పైకొచ్చింది. క్లారా ఇద్దరికీ కలిపి ఒకే జవాబిచ్చి, కొంగు విప్పి ఫ్యూజులు లెక్కపెట్టుకుంది. మూడూ ఉన్నాయి.