మా పెద్దబాపు చెప్పని పేరు

మా పెద్దబాపు పోయాడు. పోయిన నెల ఒక బుధవారం పొద్దున చాయ తాగి, కప్పు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్న చోటనే కన్ను మూశాడు. నేనప్పుడు జగిత్యాలలో క్లాసులో ఉన్నాను. ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం చెప్తాను. ఆ రోజు పాఠం పంచవర్ష ప్రణాళికలు. టేబుల్ మీద ఫోను అదే పనిగా కదులుతుంటే తీశాను. "అక్కా, పెద్దబాపు పోయిండు" అన్నాడు తమ్ముడు. సరే అన్నాను. సరే అని ఎందుకన్నానో తెలియదు. పిల్లలకు ఏం చెప్పి బయటికి వచ్చానో అది కూడా గుర్తు లేదు.

పెద్దబాపు మా బాపుకు అన్న. ముప్పై ఏళ్లు ఎర్రబస్సు నడిపాడు. కోరుట్లకూ వేములవాడకూ నడుమ గుట్టల్లో ఉన్న మా ఊరికి మొదటి బస్సు తోలుకొచ్చింది ఆయనే. పెద్ద రోడ్డు నుంచి ఊరి దాకా కొత్తగా తారు పడింది. ఊరంతా ఎదురు వెళ్లి కొబ్బరికాయలు కొట్టారు. ఆయన మాత్రం స్టీరింగు పట్టుకుని కూర్చున్న చోటి నుంచి కదల్లేదట. "దిగితే ఏడుపస్తదని దిగలే" అని ఇంటికొచ్చాక తన భార్యతో, మా పెద్దవ్వతో అన్నాడు. ఆ బస్సు వచ్చాకే మా ఊరి ఆడపిల్లలం అయిదుగురం కోరుట్లకు కాలేజీకి పోవడం మొదలుపెట్టాం.

ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పొద్దున బండి తీసే ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్కో టైరు మీద అరచేయి పెట్టి చూసేవాడు. కండక్టర్ ఎవరితోనైనా గొడవ పడితే, "కోపముంటే డిపోల ఇడిశి రావాలె, బండ్ల ఎక్కియ్యద్దు" అనేవాడు. పేపర్‌లో పెద్దక్షరాలు మాత్రం పైకి చదివి, చివర ఒక మాట అనేవాడు. "కొత్త కాలువ తవ్వుతరట. అయితే?" "దేశం ముంగటికి పోతున్నదట. అయితే?" వెక్కిరింపు కాదది. నిజంగానే అడిగేవాడు. జవాబు కోసం మా మొహాల్లోకి చూసేవాడు. చిన్నప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు బోర్డు ముందు నిలబడ్డప్పుడు ఆ ప్రశ్న నా వీపుకు తగులుతుంది.

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు జరిగిన సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పనట్టే.

అవి అన్నల రోజులు. మా ఊరికి పోలీసు జీపు వస్తే ఒక భయం, నాలుగు రోజులు రాకపోతే ఇంకో భయం. ఏదో ఊళ్లో ఎన్‌కౌంటర్ జరిగిందని బంద్ అన్నారు. బంద్ మర్నాడు కదా అనుకుని ఆ సాయంత్రం మేం మామూలుగానే కాలేజీ నుంచి బస్సెక్కాం. పెద్దబాపే డ్రైవర్. ఊరు ఇంకో రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు. పక్కన మక్కచేనులోంచి ముగ్గురు వచ్చారు. మొహాలకు తువాళ్లు. ఇద్దరి చేతుల్లో తుపాకులు.

"అందరు దిగుండ్రి. మీకేం కాదు" అన్నాడు వాళ్లలో చిన్నవాడు.

ఆ గొంతు నేను గుర్తుపట్టాను. మా పక్కూరివాడు. ఏడాది కిందటి దాకా మాతో పాటే అదే బస్సులో కాలేజీకి వచ్చినవాడు. సీటు దొరక్క ఎప్పుడూ డ్రైవర్ పక్కన ఇంజన్ పెట్టె మీద కూర్చునేవాడు. పెద్దబాపుతో లోకం మీద ఉన్న ప్రశ్నలన్నీ అడిగేవాడు.

పెద్దబాపు దిగి ఆ పిల్లవాడి ఎదుట నిలబడ్డాడు. "గీ బస్సు ఎవలిదనుకుంటున్నరు తమ్మీ? గీ ఊర్లోళ్లదే."

"సర్కారుది" అన్నాడు అతను. "నీ మీద మాకు పగ లేదు."

"మరి గీ పిల్లలు రేపు ఏంట్ల పోవాలె?"

అతను ఒక్క క్షణం మా వైపు చూశాడు.

"సరే. పిల్లల పుస్తకాలు లోపలున్నయి. తీసుకోనియ్యి" అన్నాడు పెద్దబాపు. అందుకు ఒప్పుకున్నారు. మేం ఎక్కి, సంచులు తీసుకుని దిగాం. తర్వాత డీజిల్ వాసన, మంట. అందరం ఊరి దారి పట్టాం. పెద్దబాపు మాత్రం టైర్లు పగిలే దాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత పరుగులాంటి నడకతో వచ్చి మమ్మల్ని కలుసుకుని, మాలో ఉన్న ఒక ముసలమ్మ నెత్తి మీది మూట తీసుకుని తన భుజాన పెట్టుకున్నాడు.

మర్నాడు జీపు వచ్చింది. బస్సు కాల్చినవాళ్ల పేర్లు చెప్పమని ఆయన్ను ఠాణాకు తీసుకుపోయారు. మూడు రోజులు ఉంచారు. నాలుగో రోజు కుడి మోకాలు వంచలేని మనిషిని బాపు ఎడ్లబండిలో ఇంటికి తెచ్చాడు. "మొకాలకు గుడ్డలుండె సార్, నేను సూడలే" అన్న ఒక్క మాట తప్ప ఆయన నోట ఇంకో మాట రాలేదని అక్కడ ఉన్న ఒక జవాను మా బాపుతో చెప్పాడట.

రోడ్డు బాగుపడేదాకా మా ఊరికి బస్సు లేదన్నారు. బాగుపడటం అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. మా అయిదుగురి చదువు ఆగిపోయింది. నాకు పదిహేడేళ్లు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆయన మీదే చూపించాను. ఆవాల కాపడం పెట్టుకుని మంచం మీద కూర్చున్న మనిషి దగ్గరికి పోయి అడిగాను.

"నీకు తెలుసు పెద్దబాపు. నేను సుత గొంతు గుర్తువట్టిన. ఎందుకు చెప్పలే? వాడు మా సదువు కాలవెట్టిండు."

ఆయన మోకాలి మీది కాపడం మూట తీసి పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు.

"నేను జగిత్యాలల సదువుకునేటప్పుడు మన రాష్ట్రం మనకు గావాలెనని లొల్లి అయ్యింది గదా. మా నౌకరీలన్ని పరాయోళ్లు ఎత్తుకపోతున్నరని మస్తు కోపముండె మాకు. ఒకనాడు బస్టాండు కాడ బస్సును ఆపినం. డ్రైవర్ ఆంధ్రాయన. పొమ్మని ఒర్రినం. నేను రాయి ఇసిరిన. అద్దం వలిగింది. రాయి ఆయన కన్ను మీద తాకింది. నెత్తురు కారంగ ఆయన నన్నే సూసిండు. సక్కగ నా మొకం సూసిండు బిడ్డా."

తర్వాత పోలీసులు కాలేజీ పిల్లల్ని వరసగా నిలబెట్టారట. తలకు కట్టు కట్టుకుని ఆ డ్రైవర్ ఒక్కొక్కరి ముందూ ఆగుతూ వచ్చాడట. పెద్దబాపు ముందుకు వచ్చి ఆగాడు.

"'వీళ్లలో ఎవరూ లేరండీ, వదిలెయ్యండి' అన్నడు" అని ఆ డ్రైవర్ మాటను అతని యాసలోనే చెప్పాడు పెద్దబాపు. "గా ఒక్క మాటతోటి నాకు నౌకరి అచ్చింది. కేసు ఉంటే నాకెవడిస్తడు? ఆయన కూసున్న సీట్లనే నేను కూసున్న. ఇయ్యాల నేనేమని పేరు చెప్పాలె?"

నాకు కోపం పోలేదు. ఆయన మాట అర్థమైంది, కానీ కోపం పోలేదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఉండగలవని అప్పుడే తెలిసింది.

నెల తిరక్కముందే, మోకాలు కాస్త వంగగానే ఆయన పనిలో చేరాడు. సిరిసిల్ల నుంచి జగిత్యాలకు పోయే బస్సు మీద మధ్యాహ్నం డ్యూటీ వేశారు. ఆ బస్సు మా ఊరికి రాదు. మొదటి రోజే పొద్దున్నే వచ్చి మా అయిదుగురి ఇళ్ల ముందు నిలబడ్డాడు. "సంచులు వట్టుకోండ్రి" అన్నాడు. కాలు ఈడ్చుకుంటూ ముందు ఆయన, వెనుక మేము. పెద్ద రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు నడిచి, కోరుట్లకు పోయే వేరే బస్సు ఎక్కించాడు. సాయంత్రం మా బాపు, ఇంకో పిల్ల అన్న వచ్చి తోలుకొచ్చేవారు. పొద్దున మాత్రం ఆయనే. ఆ ఏడాదంతా ఒక్క రోజు తప్పలేదు.

కల్వర్టు దగ్గర పోలీసులు ఆపేవారు. సంచులు విప్పమనేవారు. ఒకసారి ఒక జవాను నా టిఫిన్ డబ్బా మూత తీసి, పచ్చిపులుసు చూసి మళ్లీ మూసి ఇచ్చాడు. "ఎవరు వీళ్లు?" అన్నాడు. "పిల్లలు సార్" అన్నాడు పెద్దబాపు. ఇంకోసారి గుట్ట మలుపులో తువాళ్లు కట్టుకున్న ఇద్దరు ఎదురయ్యారు. "ఎవలు వీళ్లు?" అన్నారు. "పిల్లలు" అన్నాడు. రెండు వైపులవాళ్లకూ అదే జవాబు, అదే గొంతు. మేం మాత్రం ఆ మలుపు దాటేదాకా ఒకరి సంచి ఒకరం పట్టుకుని నడిచేవాళ్లం. నేను చదువుకున్న అర్థశాస్త్రమంతా ఆ నాలుగు కిలోమీటర్ల మీదుగా నడిచి వచ్చింది.

మా పరీక్షలు అయిపోయిన తర్వాత ఒక రోజు పేపర్లో, బస్సు ఆపిన ఆ పిల్లవాడి ఫోటో వచ్చింది. గుట్టల్లో ఎన్‌కౌంటర్. శవాన్ని జగిత్యాల దవాఖానలో పెట్టారు.

వాడి తల్లి అప్పటికి సిరిసిల్లలో ఉంటోంది. భర్త పోయాక పెద్దకొడుకు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద బట్ట నేస్తుంటే, ఆమె ఇంట్లో బీడీలు చుట్టేది. ఆ మధ్యాహ్నం ఇంటి పక్కామెతో కలిసి పెద్దబాపు నడిపే బస్సే ఎక్కింది. ఈ ముక్క నాకు ఆయన చెప్పలేదు. ఆ రోజు కండక్టర్‌గా ఉన్నాయన చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు.

ఆమె ముందు సీట్లో కూర్చుని అడిగిందట. "డ్రైవర్ సారూ, జగిత్యాల దవఖానకు యాడ దిగాలె?"

"నేను దింపుత అవ్వా. నువ్వు కూసో."

జగిత్యాలలో బస్టాండుకు పోకుండా బస్సును దవాఖాన గేటు ముందుకు తిప్పాడట. నిండుగా జనం ఉన్నారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఆయన దిగి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు. గేటు దగ్గర పోలీసులు ఉన్నారు, చూస్తున్నారు. ఆమె ఆగి ఆయన మొహంలోకి చూసి అంది. "నా కొడుకు నీ బస్సుల సదువుకున్నడు సారూ."

"అవునవ్వా. ఇంజన్ పెట్టె మీద కూసుండేటోడు" అన్నాడట పెద్దబాపు.

ఆ వారమంతా ఆయన సరిగ్గా అన్నం తినలేదు. నేను పోయి పక్కన కూర్చున్నాను. నా కోపం అప్పటికి ఎక్కడికో పోయింది. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు. "బిడ్డా, నేను గానాడు పేరు చెప్తే వాన్ని పట్టుకుందురు. జైల్ల ఉండును. జైల్ల ఉంటే బతికి ఉండునేమో."

"పోలీసులు వాన్ని జైలు దాకా తీస్కపోతుండెనా పెద్దబాపు?" అన్నాను.

"గదే తెల్వది" అన్నాడు. "నాకు గదే తెల్వది."

ఒకాయన నోరు మూసుకున్నందుకు తను బతికాడు. తను నోరు మూసుకున్నందుకు ఇంకొకడు బతికాడా, చచ్చాడా? ఈ లెక్క ఆయనకు జీవితాంతం తేలలేదు. నేనూ తేల్చలేకపోయాను. మంచి పని చేశావని ఎన్నోసార్లు చెప్పబోయి ఆగిపోయాను.

రెండేళ్ల తర్వాత ఊరికి బస్సు మళ్లీ వచ్చింది. ఇంకా చాలా ఏళ్లకు ఆయన రిటైరయ్యాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం మళ్లీ జనం రోడ్ల మీదికి వచ్చినప్పుడు, కోరుట్లలో రోడ్డు మీదే వండి తింటూ నిరసన తెలిపే రోజుల్లో, కుంటుకుంటూ ప్రతిరోజూ పోయి కూర్చున్నాడు. ఒకరోజు కుర్రవాళ్లు ఆంధ్రా నుంచి వచ్చిన లారీ డ్రైవర్‌ను కిందికి దించి తిడుతుంటే లేచి వెళ్లి నడుమ నిలబడ్డాడు. "రాష్ట్రం గావాలె. నాకు మీకన్న ముందటి నుంచి గావాలె. గాయిన్ని తిడితే అస్తదా?" అన్నాడు. కుర్రవాళ్లు ముసలాయన్ని చూసి నవ్వి వదిలేశారు. లారీ ఆయనకు తన సంచిలోని సద్ది పెట్టి పంపాడు.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరంతా రంగులు చల్లుకుంది. ఆయన మొహం మీద కూడా గులాల్ పూశారు. కళ్లనిండా నీళ్లు. సాయంత్రం పేపరు పట్టుకుని పెద్దక్షరాలు చదివాడు. చదివి, నా వైపు చూసి "అయితే?" అన్నాడు. ఆటోలు ఎక్కువై, ఎక్కేవాళ్లు లేరని మా ఊరి బస్సు అప్పటికే ఆపేశారు. నేను ఏదో చెప్పాను. కాలం పడుతుంది పెద్దబాపు అన్నానేమో. ఆయన తల ఊపాడు, ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

ఆయన పోవడానికి నెల ముందు, జగిత్యాలలో డాక్టర్‌కు చూపించి నా కారులో ఊరికి తీసుకొస్తున్నాను. పక్క సీట్లో కూర్చున్నాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. ఎవరైనా అడ్డం వస్తే నాకంటే ముందే ఆయన కుడికాలు కింద మ్యాటును తొక్కుతోంది. "ఊకెనే తొక్కుతున్నవు పెద్దబాపు, అక్కడ బ్రేకు లేదు" అని నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. కోరుట్ల దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. వేగం పెంచాను. ఎదురుగా ఏమీ లేదు, అయినా ఆయన కాలు గట్టిగా కిందికి దిగింది. ఎందుకో అర్థం కాలేదు. అద్దంలో చూస్తే, వెనుక రోడ్డు పక్కన పుస్తకాల సంచులతో నలుగురు ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. చెయ్యెత్తి ఉన్నారు. అప్పటికే దాటి వచ్చేశాను. ఆయన కాలు మాత్రం మ్యాటు మీద అలాగే, ఊరు వచ్చేదాకా నొక్కిపెట్టి ఉంది.